వేట నిషేధం ఫలితమిచ్చిందా అని చట్టాన్నే అడగడం ఎలా

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీరు విశాఖపట్నంలో ఎల్ఎల్ఎం చదువుతున్నారు. ప్రభుత్వం పెట్టే ఆర్థిక నియంత్రణలు నిజంగా ఫలితమిస్తున్నాయా అన్నది న్యాయ విశ్లేషణతో తేల్చాలని పరిశోధన మొదలుపెట్టారు. ఉదాహరణగా మన తీరంలో ఏటా వచ్చే వేట నిషేధాన్ని ఎంచుకున్నారు. ‘ఫలితాల లెక్క ఆర్థికవేత్తలు చూసుకుంటారు, నువ్వు చట్టం చెల్లుతుందా లేదా అన్నంతవరకే రాయి’ అని మీ గైడుగారు అన్నారు. ఆయన మాట నిజమేనా అని అడిగారు. మీ నాన్నగారికి ఫిషింగ్ హార్బర్‌లో ఒక మరపడవ ఉందని చివర్లో చిన్నగా చేర్చారు. దాని గురించి నేనూ చివర్లోనే మాట్లాడతాను.

గైడుగారి మాటలో సగం నిజం ఉంది. ముందు ఆ సగం చూద్దాం, మౌఖిక పరీక్షలో మిమ్మల్ని మొదట నిలదీసేది దాని మీదే.

నేను ఇరవై ఆరేళ్లుగా ఈ ఊళ్లో వకీలుగా ఉన్నాను. భూమి తగాదాలు, విడాకులు నా దగ్గరకు తక్కువగా వస్తాయి. లైసెన్సు రద్దు, సరుకు జప్తు, జరిమానా నోటీసు, నా బతుకుతెరువు వీటితోనే. ప్రభుత్వం వ్యాపారానికి వేసిన పగ్గం ఎక్కడైనా తెగినా, ఎవరి మెడకైనా మరీ బిగిసినా ఆ కాగితం నా బల్ల మీదకు వస్తుంది. అందుకే పుస్తకాల్లో కనిపించని కోణం ఒకటి నాకు కనిపిస్తుందేమో అనుకుంటాను.

పెద్ద నోట్ల రద్దు కేసు తీసుకోండి. 2016 నవంబరు 8 నాటి నోటిఫికేషన్ చెల్లుతుందని 2023 జనవరి 2న సుప్రీంకోర్టు 4:1 మెజారిటీతో తీర్పు చెప్పింది. నల్లధనం, దొంగనోట్లు, ఉగ్రవాదులకు అందే డబ్బు, వీటిని అరికట్టడమే ఉద్దేశమని ప్రభుత్వం వాదించింది. ఆ ఉద్దేశాలు నెరవేరాయా అన్నది తాము తేల్చవలసిన విషయం కాదని, చర్యకూ ఉద్దేశానికీ సహేతుకమైన సంబంధం ఉంటే సరిపోతుందని మెజారిటీ అభిప్రాయపడింది. విభేదించిన జస్టిస్ బి.వి. నాగరత్న తప్పుపట్టిందీ పద్ధతినే: కేంద్రం చొరవతో జరిగే అంత పెద్ద నిర్ణయం చట్టం ద్వారా రావాలి తప్ప నోటిఫికేషన్ ద్వారా కాదన్నారు. ఆర్థిక చట్టాల విషయంలో శాసనకర్తలకు ఎక్కువ వెసులుబాటు ఇవ్వాలని 1981లో ఆర్.కె. గర్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నేటికీ ప్రతి ప్రభుత్వ న్యాయవాది నోట వినిపిస్తుంది.

కాబట్టి ‘సుప్రీంకోర్టు సమర్థించింది, అందువల్ల ఈ నియంత్రణ విజయవంతమైంది’ అనే ధోరణిలో మీ థీసిస్‌లో ఒక్క వాక్యం ఉన్నా కొట్టేయండి. బస్సుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన అది ఊరు చేరినట్టు కాదు.

మిగతా సగం దగ్గర నేను గైడుగారితో విభేదిస్తాను. నిబంధన ఎక్కడ కారిపోతుందో ముందే చెప్పగలిగేది దాని పాఠాన్ని శ్రద్ధగా చదివినవాడే. ఇందుకు నాకు తెలిసిన అతి చక్కని ఉదాహరణ మన రాజ్యాంగం వచ్చిన ఏడాదిదే. 1948లో నాటి సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్‌లో ఒక చట్టం చేశారు. వ్యవసాయపు రోజుల్లో నోటిఫై చేసిన గ్రామాల్లో ఎవరూ బీడీలు చుట్టకూడదు. పొలం పనులకు కూలీలు దొరకాలన్నది ఉద్దేశం. సాగర్ జిల్లాలో ఆ ఉత్తర్వు అమలైనప్పుడు చింతామణిరావు అనే బీడీల తయారీదారు నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1950 నవంబరులో కోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. ఉద్దేశం మంచిదే, కానీ పొలం పని చేయలేని ముసలివాళ్లు, పిల్లలు, వికలాంగులు ఇంట్లో కూర్చుని నాలుగు బీడీలు చుట్టుకుంటే ఏ రైతుకు కూలీ తగ్గాడు? ఆ ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర జవాబు లేదు.

ఈ తీర్పును అందరూ వృత్తి, వ్యాపార స్వేచ్ఛకు హద్దులు పెట్టనిచ్చే రాజ్యాంగం 19(6) అధికరణ కింద ‘సహేతుకమైన పరిమితి’ అనే శీర్షికతో చదివి వదిలేస్తారు. మీరు మరోలా చదవండి. ఒక్క సర్వే కూడా చేయకుండా, ఒక్క గణాంకం కూడా అడగకుండా, ఆ చట్టం తన ఉద్దేశానికి అవసరమైన దానికంటే ఎక్కువ మందిని ఆపుతోందని న్యాయమూర్తులు పాఠాన్ని బట్టే కనిపెట్టారు. నిషేధం తగిలే మనుషుల జాబితా ఒకటి, ఉద్దేశానికి కావలసిన మనుషుల జాబితా ఇంకొకటి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు, అంతే. నా దృష్టిలో అదే ఫలితాల విశ్లేషణ, అదీ పూర్తిగా న్యాయశాస్త్ర పద్ధతిలో.

పోలిక గమనించారా? అది పంట రోజుల్లో బీడీ నిషేధం, మనది చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వేట నిషేధం. కాలాన్ని బట్టి జీవనోపాధిని ఆపడం రెండింటిలోనూ ఉంది. మరి ఒకటి కూలిపోయి ఇంకొకటి ఎందుకు నిలబడింది? మన నిషేధం మరపడవలకూ మోటారు బిగించిన పడవలకూ వర్తిస్తుంది. తెడ్లతో, తెరచాపతో నడిచే సంప్రదాయ తెప్పలను వదిలేస్తుంది. అంటే సముద్రానికి ఎక్కువ నష్టం చేయగలవాణ్ని ఆపి, తక్కువ చేసేవాణ్ని బతకనిచ్చింది. దానికితోడు నిపుణుల సంఘాల నివేదికల ఆసరా ఉంది. కేరళలో వర్షాకాలపు ట్రాలింగ్ నిషేధాన్ని 1994లో సుప్రీంకోర్టు సమర్థించినప్పుడు బాబు పాల్, కలావర్, బాలకృష్ణన్ నాయర్ సంఘాల నివేదికలు ఆ వివాదానికి నేపథ్యంగా నిలిచాయి. నివేదిక లేని చోట ఏమవుతుందో 2020 మార్చి 4న చూశాం. క్రిప్టో కరెన్సీ వ్యాపారులకు బ్యాంకు సేవలు ఇవ్వకూడదన్న రిజర్వు బ్యాంకు 2018 నాటి సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు కొట్టివేసింది. తన నియంత్రణలో ఉన్న సంస్థలకు ఫలానా నష్టం జరిగిందని రిజర్వు బ్యాంకు చూపలేకపోవడమే అక్కడ కీలకం. ఆర్థిక విధానం అంటే కోర్టు ఎప్పుడూ చేతులు కట్టుకుని కూర్చుంటుందని గైడుగారు అంటే ఈ తీర్పు చూపించండి.

ఇక మన సముద్రం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట ఆగుతుంది. 2015కు ముందు మే 31 వరకే, 47 రోజులు ఉండేది. రాష్ట్రంలో దీనికి ఆధారం 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం. అయితే రాష్ట్ర చట్టం చేయి ఎంతవరకు చాస్తుంది? కేంద్రానికీ రాష్ట్రాలకూ అధికారాలు పంచే రాజ్యాంగం ఏడో షెడ్యూలు తెరవండి. మత్స్య పరిశ్రమ రాష్ట్ర జాబితాలో 21వ అంశం. ప్రాదేశిక జలాలకు అవతల చేపల వేట కేంద్ర జాబితాలో 57వ అంశం. ప్రాదేశిక జలాలంటే తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, సుమారు 22 కిలోమీటర్లు. ఆ తర్వాత 200 నాటికల్ మైళ్ల వరకు కేంద్రం మాటే చెల్లుతుంది. అందుకే ఏటా రెండు ఉత్తర్వులు వస్తాయి, ఢిల్లీది ఒకటి, రాష్ట్రానిది ఒకటి. నీళ్ల మీద మాత్రం గీత కనిపించదు.

ఆ గీత నాకు ఒకసారి అన్నం పెట్టింది. పదిహేనేళ్ల కిందటి మాట, అప్పట్లో నిషేధం 47 రోజులే. మే నెలాఖరులో ఒక పడవ యజమాని నోటీసు పట్టుకుని వచ్చాడు. పడవ జప్తు చేశారు, చేపలు వేలం వేశారు. ‘పడవ నడిపే మా సరంగు 12 మైళ్లు దాటాకే వల వేశాడండీ’ అన్నాడు. నిజమో కాదో నేను తరచి అడగలేదు. మా వృత్తిలో కొన్ని ప్రశ్నలు అడగకపోవడమే మర్యాద. జప్తు నివేదిక తెప్పించి చదివితే పడవను పట్టుకున్నది జట్టీ దగ్గర, సముద్రంలో కాదు. వల ఎక్కడ వేశారో చెప్పే అక్షాంశ రేఖాంశాలు లేవు. పడవ ఎక్కడుందో చూపే పరికరం అందులో ఉందా లేదా అన్న ప్రస్తావన లేదు. పంచులుగా, అంటే జప్తుకు సాక్షులుగా, సంతకం చేసిన ఇద్దరూ హార్బర్ బయట టీ కొట్టు వాళ్లు. నోటీసు మాత్రం రాష్ట్ర చట్టం కిందే రాశారు. అప్పీలులో ఆ చర్య నిలబడలేదు. పడవలో పనిచేసే కలాసీలు ఆ సాయంత్రం నాకో పెద్ద వంజరం తెచ్చిచ్చారు. నిషేధం రోజుల్లో పట్టిన చేప కాదని ప్రమాణం చేశారు కూడా.

ఆ వంజరం పులుసు తింటూ నాకు తట్టిందే ఇప్పుడు మీకు చెప్పదలచుకున్న అసలు సంగతి. ఆ రోజు చట్టం రాజ్యాంగబద్ధతను ఎవరూ ప్రశ్నించలేదు. ఉద్దేశాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. ఒక గుమాస్తా నింపవలసిన గడిలో రెండు అంకెలు లేకపోవడం వల్ల నియంత్రణ ఆ పడవ వరకు చచ్చిపోయింది. ఏ ఆర్థికవేత్త లెక్కల్లోనూ ఈ సంగతి కనిపించదు. కేసు కట్ట విప్పి చదివితేనే తెలుస్తుంది. కాబట్టి ప్రతి నిబంధననూ ఒక గొలుసులా చూడండి. ఆజ్ఞ ఎవరికి, ఉల్లంఘన ఎవరి కంటపడాలి, సాక్ష్యం ఏ రూపంలో ఉండాలి, శిక్ష వేసేదెవరు, వసూలు చేసేదెవరు, అప్పీలులో ఎన్ని నిలబడుతున్నాయి. మీ పరిశోధనంతా ఏ కొక్కెం దగ్గర గొలుసు ఊడుతోందో కనిపెట్టడమే.

‘కంటపడాలి’ అన్న కొక్కెం మీద కాస్త ఎక్కువసేపు నిలబడండి, చాలా నియంత్రణలు అక్కడే విఫలమవుతాయి. ప్లాస్టిక్ సంచుల నిబంధన చూడండి. మందం 2016లో 50 మైక్రాన్లు అన్నారు, 2021 సెప్టెంబరు 30 నుంచి 75 అన్నారు, 2022 డిసెంబరు 31 నుంచి 120 అన్నారు. పూర్ణా మార్కెట్‌లో వంకాయలమ్మే ఆవిడ చేతిలోని సంచి 75 మైక్రాన్లదా 120దా అని కంటితో చెప్పగలవాణ్ని నేనింకా చూడలేదు. తనిఖీకి వచ్చిన వ్యక్తికీ తెలియదు. కొలిచే పరికరం జేబులో లేనప్పుడు తనిఖీ బేరంగా మారుతుంది. అదే 2022 జులై 1 నుంచి నిషేధించిన ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాల మాటకొస్తే, వస్తువు ఉందా లేదా అన్నదే ప్రశ్న. అమలు సరిగా ఉందో లేదో అది వేరే మాట, కనీసం ఉల్లంఘనను గుర్తుపట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు.

ఈ కొలబద్దతో చూస్తే 61 రోజుల నిషేధం తెలివైన నిబంధన. పడవలు జట్టీలో వరసగా లంగరేసి ఉన్నాయా లేవా? మధ్యాహ్నం వేళ హార్బర్ గేటు దగ్గర నిలబడ్డ చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. వల కన్ను ఎంతుండాలి, తీరానికి ఎంత దూరంలో వేయాలి అన్న నిబంధనలకు ఆ సౌకర్యం లేదు. 2022 జనవరిలో చేపల గుంపును చుట్టేసే రింగు వలల మీద విశాఖ తీర గ్రామాల మధ్య తగవు ముదిరి 144 సెక్షన్ పెట్టే దాకా వెళ్లింది. నీళ్ల మీద నిఘా లేని చోట నిబంధనను అమలు చేసే బాధ్యత పక్క ఊరి జాలరుల భుజాన పడుతుంది, వాళ్లు తమకు తెలిసిన పద్ధతిలో అమలు చేస్తారు. ఒకే చట్టం కింద ఒక నిబంధన నడుస్తూ ఇంకొకటి గొడవలకు దారితీయడం మీకు దొరికిన పెద్ద అదృష్టం. ఈ రెండింటి పోలికే ఒక అధ్యాయం అవుతుంది.

శిక్ష సంగతి కొద్దిగా చెబుతాను. నిషేధ ప్రకటనలో పడవ, చేపల స్వాధీనం, జరిమానా, డీజిల్ రాయితీ నిలిపివేత అని రాస్తారు. మరపడవ యజమానికి జరిమానా దోమకాటు లాంటిది. ఆయన్ని నిద్రపోనివ్వనిది రాయితీ పోతుందన్న భయం. శిక్ష తీవ్రతను చట్టంలోని అంకెతో కొలవకండి, పడవ నడిపే మనిషి ఖాతా పుస్తకంతో కొలవండి. మీ ఇంట్లోనే ఆ పుస్తకం ఉంది కదా.

పరిహారం విషయంలో మాత్రం ఆగుదాం. ఉపాధి ఆపినందుకు ఇచ్చే భృతి ఒకప్పుడు 4,000 రూపాయలు, 2019లో 10,000 అయింది, 2025లో 20,000 చేశారు. 61 రోజులకు పంచితే 10,000 అంటే రోజుకు 164 రూపాయలు, 20,000 అంటే సుమారు 328. రోజుకు 164 రూపాయలతో ఇల్లు గడవని కలాసీ నిషేధాన్ని పాటించాడంటే దాన్ని చట్టం గెలుపుగా రాయకండి. బహుశా అప్పిచ్చిన షావుకారు గెలుపు. న్యాయపరంగా అడగవలసినది ఇంకొకటి ఉంది. ఈ భృతి చట్టంలో రాసిన హక్కా, పథకంగా ఇచ్చిన సాయమా? పథకమైతే అంకె పెరగడానికీ తగ్గడానికీ ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు, ఆలస్యమైతే దావా వేయడానికి ఆధారం బలహీనం. నిషేధం ఆజ్ఞగా వస్తుంది, పరిహారం అనుగ్రహంగా వస్తుంది. పైగా భృతి సముద్రంలోకి వెళ్లేవాడికి. హార్బర్‌లో గంప పెట్టుకుని చేపలమ్మే ఆడవాళ్లకూ, ఐసు మోసేవాళ్లకూ అవే 61 రోజులు పని ఉండదు. చింతామణిరావు కేసులోని రెండు జాబితాల పరీక్షను ఇక్కడ తిప్పి వాడండి: నిషేధం నష్టపరిచిన వాళ్ల జాబితా, పరిహారం అందుకునే వాళ్ల జాబితా.

చేపలు పెరిగాయా అన్న ప్రశ్న దగ్గర అతిగా ధైర్యం చేయకండి. మన ఉష్ణమండల సముద్రంలో జాతులు లెక్కలేనన్ని, అన్నీ ఒకే రెండు నెలల్లో గుడ్లు పెట్టవు. తీరానికి చేరే చేపల అంచనాలు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వేస్తుంది, దాని ప్రాంతీయ కేంద్రం మన ఊళ్లోనే ఉంది. 2015లో 47 రోజులు 61 అయ్యాయి కాబట్టి ముందూ వెనుకా పోల్చాలని మీకు చేయి దురద పెడుతుంది. పోల్చండి, కానీ ఇంజన్ల శక్తి, వలల రకం, పడవల సంఖ్య, ఎగుమతి ధరలు, తుపాన్లు కూడా మారుతూ వచ్చాయి. కారణం ఇదీ అని తేల్చడం ఆ శాస్త్రజ్ఞులకు వదిలేయండి. మీ ప్రశ్న వేరు: ఆ అంచనాలు చూసి నిషేధాన్ని సమీక్షించాల్సిన బాధ్యత చట్టంలో ఎవరి మీదనైనా పెట్టారా? తేదీలు మార్చాలంటే ఏ నివేదిక అవసరం? తన తప్పు తాను తెలుసుకునే దారి చట్టంలో ఉందా లేదా అన్నది పాఠం చదివి చెప్పగలిగిన విషయం.

ఒక హెచ్చరిక. అమలు అనగానే అందరూ సిబ్బంది కొరత అంటారు. కొన్నిసార్లు కొరత మనుషులది కాదు, కాగితాల మధ్య ముడిది. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. ఆ పరిశ్రమకు కేంద్ర నిబంధనల కింద కావలసిన పర్యావరణ అనుమతి లేదని తర్వాత బయటపడింది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే నిర్వహణ అనుమతులు మాత్రం ఉన్నాయి. రెండు చట్టాలూ ఉన్నాయి, రెండు కార్యాలయాలూ ఉన్నాయి. ఒక కాగితం ఇచ్చేముందు రెండో కాగితం అడిగి తీరాలన్న ముడి వాస్తవంలో పనిచేయలేదు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమ చేయమంది, 1980ల నాటి ఓలియం వాయువు కేసు నుంచి వస్తున్న సంపూర్ణ బాధ్యత సూత్రం, అంటే ప్రమాదకర పరిశ్రమ తన తప్పున్నా లేకున్నా నష్టం భరించాలన్న సూత్రం, మనకు ఉంది. బాధ్యత మోపే చట్టం అంత బలంగా ఉండగా అనుమతి ఇచ్చే చట్టం అంత బలహీనంగా ఎలా ఉంది? చేతులు కాలాక పట్టుకునే ఆకులు మన దగ్గర చాలా మంచివి. వేట నిషేధంలో కూడా ఇదే వెతకండి: మత్స్యశాఖ, పోర్టు, తీర రక్షక దళం, మెరైన్ పోలీసులు, ఎవరి పుస్తకంలోని సమాచారం ఎవరికి చేరాలని రాసి ఉంది?

సమాచారం కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘నిషేధం ఎలా అమలైంది’ అని అడిగితే ‘పటిష్ఠంగా అమలైంది’ అని ఒక వాక్యం వస్తుంది. కాబట్టి ఏడాదివారీగా అడగండి: ఉత్తర్వు వెలువడిన తేదీ, నమోదైన కేసులు, సముద్రంలో పట్టుకున్నవి ఎన్ని, ఒడ్డున పట్టుకున్నవి ఎన్ని, తుది ఉత్తర్వులు, వసూలైన మొత్తం, అప్పీలులో రద్దయినవి. కేసులు సున్నా అని వస్తే సంబరపడకండి, కుంగిపోకండి. అందరూ పాటించి ఉండవచ్చు, ఎవరూ చూడకపోయి ఉండవచ్చు. ఆ రెంటిలో ఏదో తెలుసుకోవడానికి నిషేధం రోజుల్లో డీజిల్ అమ్మకాలు, ఐసు ఫ్యాక్టరీల కరెంటు వాడకం లాంటి పక్క సాక్ష్యాలు చూడాలి. గస్తీ పడవ లాగ్ పుస్తకం దొరికితే ఇంకా మంచిది. అందులో ఇంధనం ఎన్ని రోజులు పోశారో చూస్తే చాలు.

ఇక మీ నాన్నగారి పడవ. దాన్ని దాచకండి, మొదటి పేజీలోనే రాయండి. మీ మీద పక్షపాతం ముద్ర పడుతుందని భయం వద్దు, దాచి దొరికిపోతేనే పడుతుంది. ఆయన ఖాతా పుస్తకం వాడుకోవాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, నవ్వుతారు, అయినా తీసుకోండి. హార్బర్‌లో మిగతా యజమానులు మీకు ఏం చెప్పినా మీ నాన్నగారి చెవికి వెళుతుందని వాళ్లకు తెలుసు, కాబట్టి ఉల్లంఘనల గురించి ఇంటర్వ్యూలు మీరు చేయవద్దు, భీమిలి వైపు నుంచి వచ్చిన మీ తోటి విద్యార్థి ఎవరినైనా పంపండి. ఏప్రిల్ 14 సాయంత్రం మాత్రం మీరే జట్టీకి వెళ్లండి. ఆఖరి పడవలు తిరిగొచ్చే వేళ ఎవరు లెక్కపెడుతున్నారో, ఏ పుస్తకంలో రాస్తున్నారో, అసలు రాస్తున్నారో లేదో చూసి రండి.